కొసరు కలిపిన మాట

గువ్వ తుమ్మితే గువ్వ తల్లికి న్యుమోనియా కనిపిస్తుంది. పిల్ల అన్నం వద్దంటే కడుపులో ఏ గడ్డో లేచిందని గుండె జారిపోతుంది. మెడ మీద దోమ కుట్టిన దద్దురు ఒక్కటి కంటపడిందా, ఆ పూట దర్జీ కొట్టులో ఆమె కుట్టిన అంచులన్నీ వంకర్లే. పిల్లకు ఐదేళ్ళు నిండాయి గానీ, ఆమె పడ్డ భయం మాత్రం యాభై ఏళ్ళకు సరిపడా ఉంటుందని ఆమె మొగుడు నవ్వుతాడు.

ఆయన బస్సు డ్రైవరు. "మీ అమ్మ జ్వరం తూచి ఊరుకోదే గువ్వా, పైన కొసరు కూడా వేస్తుంది" అంటాడు. అంగట్లో తూకం అయిపోయాక గుప్పెడు పైన వేస్తారే, ఆ కొసరన్నమాట. థర్మామీటరులో నూట ఒకటి ఉంటే ఆమె నోట్లో నూట మూడు. రెండుసార్లు వాంతి అయితే "పొద్దుటినుంచి ఆగడం లేదండి". ఆమె ఏం చెప్పినా అందులోంచి కొసరు తీసేసి వినడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ఆ కొసరు ఊరికే రాలేదు. గువ్వకు పదకొండో నెలలో ఆమె ఊళ్ళో పెద్దాసుపత్రికి, పిల్లల అత్యవసర విభాగానికి వచ్చి, చీటీలిచ్చే బల్ల ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "కొంచెం ఆయాసంగా ఉన్నట్టుందండి" అంది. కొంచెం అంటే కొంచెమే అనుకున్నారు వాళ్ళు. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. పిల్ల పెదవులు నీలం తిరిగాక ఎవరో చూసి కేకేస్తే, అప్పుడు పరుగులు పెట్టారు. ఐదు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. చదివింది ఏడో తరగతే అయినా ఆ ఐదు రోజుల్లో ఆమె ఒక పాఠం గట్టిగా నేర్చుకుంది. ఇక్కడ మెల్లగా చెబితే ఎవరికీ వినపడదు.

నాలుగేళ్ళు గడిచాక, ఒక ఉదయం పది గంటలకు ఆమె గువ్వను భుజాన వేసుకుని మళ్ళీ అదే ఆసుపత్రి హాల్లోకి వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి జ్వరం. తెల్లారాక పిల్ల వణికిపోయింది. రెండు దుప్పట్లు కప్పినా పావుగంట వణుకు ఆగలేదు. ఇప్పుడు నిద్రమత్తులో తల్లి మెడ మీద తల వాల్చేసి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

హాలు నిండా జనం. ఆమె ముందు ఒక తాతగారు చిన్న మనవరాలిని ఎత్తుకుని నిలబడ్డారు. ఆ పాప ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. ఆయన వంతు వచ్చేలోపే బల్ల వెనకాల ఉన్న నర్సు తలెత్తి, మెడ వేలాడేసిన గువ్వను చూసింది.

"ఆ పాపకేమైందమ్మా?"

జ్వరమండి అనబోయింది. ఆ హాల్లో ఉన్న పిల్లలందరికీ జ్వరమే. జ్వరం అంటే ఒక చీటీ చేతిలో పెట్టి కూర్చోమంటారు. నీలం పెదవులు కళ్ళ ముందు కదిలాయి. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఫిట్స్ వచ్చిందండి."

నర్సు పెన్ను పక్కన పెట్టింది. "ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"ఒళ్ళంతా కొట్టుకుందా, ఒక పక్కేనా?"

ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని ఆమెకు తెలియదు. ఒళ్ళంతా అంటే మరీ పెద్ద అబద్ధమవుతుందేమో. సగమే చెబితే తప్పు కూడా సగమే అవుతుంది కదా అనుకుంది.

"ఒక పక్కేనండి. కుడి పక్క."

నర్సు కుర్చీ వెనక్కి నెట్టి లేచిన తీరు చూడగానే, తాను తగ్గించింది ఏమీ తగ్గలేదని ఆమెకు అర్థమైంది. కానీ అప్పటికే చక్రాల మంచం వచ్చేసింది. తాతగారు పక్కకు జరిగి దారి ఇచ్చారు. "వెళ్ళమ్మా, ముందు మీరు వెళ్ళండి. మాది ఎప్పుడూ ఉండే పిల్లికూతలే" అన్నారు.

లోపల అంతా క్షణాల్లో జరిగిపోయింది. వేలికి క్లిప్పు, ఛాతీ మీద తీగలు. రక్తం కోసం నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు. గువ్వ ఉలిక్కిపడి లేచి "అమ్మా, వద్దని చెప్పు" అని ఏడ్చింది. చెయ్యి కదలకుండా పట్టుకోమంటే పట్టుకున్నది ఆమే. తన చేతిలో ఆ చిన్న చెయ్యి గింజుకుంటుంటే, ఇప్పుడు చెప్పేస్తే అనుకుంది. ఇంతమంది ముందా అనుకుంది. రక్తపరీక్ష మంచిదేలే, జ్వరానికైనా చేస్తారుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

కళ్ళద్దాల డాక్టరమ్మ వచ్చింది. వయసులో తనకంటే చిన్నదే. పిల్లను అటూ ఇటూ పరీక్షించి, మెడ వంచి చూసి, ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"పాపను మీరు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. నేను ఐదు నిమిషాల నుంచి చూస్తున్నా. అందుకని మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ ఆమెతో ఇలా అనలేదు. "నువ్వు ఆగమ్మా, మాకు తెలుసు" అన్నవాళ్ళే అందరూ. ఇలాంటి ఒక మనిషి కోసం ఆమె ఎన్ని బెంచీల మీద ఎదురుచూసిందో! ఆ మనిషి వచ్చిన రోజున తన నోట్లో ఉన్నది అబద్ధం.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "ఎలా కొట్టుకుందో మీ చేత్తో చేసి చూపించగలరా? మాటల కంటే అది నాకు బాగా పనికొస్తుంది."

గువ్వ తల్లి కుడి చెయ్యి ఎత్తింది. కాస్త వంచి, ఊపింది. మరీ గట్టిగా ఊపాలో మెల్లగా ఊపాలో తెలియక ఒకసారి అలా, ఒకసారి ఇలా ఊపింది. కాలు కూడానా అని అడిగితే, కాలు కూడా ఆడించింది. చెవులు వేడెక్కిపోయాయి. డాక్టరమ్మ ఆ చేతిని ఎంత శ్రద్ధగా చూసిందంటే, బడిలో టీచరు కూడా ఆమె పలకను అంత శ్రద్ధగా చూడలేదు.

ఆ విభాగంలో ప్రతి మంచం తలవైపు ఒక తెల్ల బోర్డు ఉంది. ఇంటివాళ్ళు చెప్పింది దాని మీద వాళ్ళ మాటల్లోనే రాస్తారట, డ్యూటీ మారినా మాట మారకుండా ఉండటానికి. నర్సు నీలం అక్షరాలతో రాసింది: "అమ్మ చెప్పినది: కుడి పక్క కొట్టుకుంది. పది నిమిషాలు. తర్వాత మత్తుగా ఉంది." చదవడం రాకపోయినా బాగుండేది అనుకుంది ఆమె.

అంతలో ఆమె ఆడపడుచు పరుగెత్తుకుంటూ వచ్చింది. స్కూలు వంటగదిలో పని చేస్తుంది, నడుముకు కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. మామూలుగా అయితే "ఈసారి ఏ జబ్బు కనిపెట్టావు మరదలా?" అంటూ వస్తుంది. ఈసారి బోర్డు చూసి నోరు నొక్కుకుంది.

"నన్ను క్షమించవే. ఫోన్లో నువ్వు చెబితే ఇది మామూలే అనుకున్నా. కూరగాయలు తరిగేసి వద్దాంలే అనుకున్నా. ఎంత పాపిష్టిదాన్ని!"

"ఏం లేదులే వదినా..."

"ఏం లేదంటావేంటి? ఉండు, తమ్ముడికి చెప్తా." ఫోను తీసి అక్కడే మొదలుపెట్టింది. "ఒరేయ్, బస్సు ఎక్కడుంటే అక్కడ వదిలేసి రా. కుడి చెయ్యి, కుడి కాలు కొట్టుకున్నాయంట. కళ్ళు తేలేసిందంటరా!"

కళ్ళు తేలేసిందని గువ్వ తల్లి అనలేదు. తన అబద్ధానికి ఇంకొకరు కొసరు వేస్తుంటే వింటూ నిలబడింది.

అరగంట తర్వాత డాక్టరమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఈసారి కూర్చోలేదు. గొంతు మాత్రం అంతే నెమ్మదిగా ఉంది.

"మీకు అర్థమయ్యేట్టు చెప్తానమ్మా, అర్థం కాకపోతే ఆపండి. జ్వరంలో ఒళ్ళంతా కొట్టుకుని రెండు నిమిషాల్లో తగ్గే ఫిట్స్ పిల్లల్లో వస్తూనే ఉంటుంది, దానికి పెద్దగా భయం లేదు. కానీ ఒక పక్కే, అదీ పది నిమిషాలంటే, మెదడు దాకా ఏదైనా పాకిందా అని చూడాలి. మత్తు ఇచ్చి తలకు స్కాన్ తీస్తాం. తర్వాత వెన్నులో సూది వేసి కొద్దిగా నీరు తీస్తాం. పాపను మీ దగ్గరే ఉంచుకోవచ్చు, మిమ్మల్ని బయటికి పంపను. ఇక్కడ సంతకం పెట్టాలి."

వెన్నులో సూది! గువ్వ తల్లి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒక పక్కే కాదేమోనండి" అంది. "రెండు పక్కలా ఏమో."

డాక్టరమ్మ కాగితం దించింది. "బాగా గుర్తుచేసుకోండి. తొందరేం లేదు."

"పది నిమిషాలు కూడా కాదేమో. ఐదు. మూడేమో. గడియారం చూడలేదండి."

"అదేంటే, ఇప్పుడే కదా అందరికీ చేసి చూపించావంట!" అంది ఆడపడుచు. "కంగారులో ఏదేదో మాట్లాడుతోంది డాక్టరుగారూ. దీని మాట వినకండి. సూది అంటే భయం దీనికి. సంతకం నేను పెట్టమన్నా పెడతా."

గువ్వ మంచం మీద కళ్ళు తెరిచి అందరినీ చూస్తోంది. రెండుసార్లు గుచ్చిన చేతికి దూది అంటించి ఉంది. తెర అవతల నుంచి ఎవరి బిడ్డదో ఈల ఊపిరి వినిపిస్తోంది. గువ్వ తల్లి వంగి గువ్వ చేతి మీది దూది సర్దింది.

"రాలేదండి."

"ఏం రాలేదు?"

"ఫిట్స్. అసలు రాలేదు. చలికి వణికింది, అంతే. లోపలికి పంపరేమోనని అలా చెప్పా."

ఆడపడుచు చేతిలోని ఫోను మంచం మీద పడింది. నర్సు తలతిప్పి గోడ వైపు చూసింది. ఆ ముగ్గురి కళ్ళు ఎక్కడున్నాయో ఆమెకు చూడకుండానే తెలుస్తోంది. భూమి బద్దలై మింగేస్తే బాగుండుననిపించింది గానీ, అక్కడున్నది ఆసుపత్రి గచ్చు. అది కదల్లేదు.

"మీరు చెయ్యి ఊపి చూపించారు కదమ్మా" అంది డాక్టరమ్మ.

"ఊపానండి."

"కాలు కూడా."

"కాలు కూడా."

డాక్టరమ్మ అద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. అరిచినా బాగుండేది. "ఇప్పుడు నా ఇబ్బంది చూడండి. రాలేదన్నది నిజమా, సూదికి భయపడి అంటున్నారా? నాకెలా తెలుస్తుంది? ఇందాకటి మాట నమ్మాను. ఇప్పటి మాట కూడా అదే నోటితో వచ్చింది. నిజంగా వచ్చి ఉండి, మీ మాట విని నేను వదిలేస్తే?"

ఒట్టు పెట్టబోయింది. నోట్లోనే ఆగిపోయింది. తన ఒట్టుకు ఈ గదిలో విలువేముంది? కొసరు వేసీ వేసీ, చివరికి అసలు కూడా ఎవరూ పుచ్చుకోని స్థితికి వచ్చింది. పిల్ల వెన్నులోకి సూది దిగబోతుంటే నిజం చెప్పినా ఆపలేని తల్లి తనే.

గోడ వైపు చూస్తున్న నర్సు ఇటు తిరిగింది. "పాపను అడుగుదామా డాక్టర్? పొద్దుటినుంచి దాన్ని ఎవరం అడగలేదు."

డాక్టరమ్మ మంచం మీదికి వంగింది. "గువ్వా, పొద్దున నువ్వు లేచాక ఏమైందో చెప్తావా? అమ్మ వైపు చూడకు, నా వైపు చూసి చెప్పు."

గువ్వ కాసేపు బెట్టు చేసింది. తర్వాత, "నువ్వు గుచ్చావుగా, నీకు చెప్పను" అంది.

"గుచ్చింది నేను కాదు, ఈ ఆంటీ."

"అయితే నీకు చెప్తా. చలేసింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆపుదామంటే ఆగలేదు. అమ్మ రెండు దుప్పట్లు కప్పింది. చుక్కల దుప్పటి కింద, గీతల దుప్పటి పైన. నేను చుక్కలది పైన కావాలన్నా. అమ్మ వినలేదు. ఫోన్లో అత్తతో మాట్లాడుతోంది. ఏడుస్తూ మాట్లాడింది. నేను కాలితో తన్నేసి గీతలది తీసేశా."

"వణుకుతున్నప్పుడే ఇదంతా?"

"ఊఁ. పళ్ళు టకటక అంటుంటే మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నవ్వొచ్చింది."

డాక్టరమ్మ నిటారుగా నిలబడింది. మొదటిసారి ఆమె భుజాలు కిందికి దిగాయి. "దుప్పట్ల వరస గుర్తుందంటే, వణికినంతసేపూ పాప తెలివిలోనే ఉంది. మంచిదే." కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "అయినా సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి చూస్తాం. గువ్వా, ఇంకెక్కడన్నా నొప్పిగా ఉందా?"

"ఒంటేలుకు పోతే మంట."

"ఎప్పటినుంచి?"

"మొన్నటినుంచి. అమ్మకు చెప్పా. నీళ్ళు తాగమంది."

అందరూ మళ్ళీ ఆమె వైపే చూశారు. అవును, చెప్పింది. లోదుస్తులు ఉతుకుతుంటే వాసన కూడా వేరుగా వచ్చింది.

"ఇది నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మరీ చిన్న సంగతి కదండి." అంది గువ్వ తల్లి. "అది చెబితే ఎవరు పట్టించుకుంటారని."

"ఇంత చలి జ్వరం దానివల్లే వచ్చి ఉండొచ్చు. లేనిది చెప్పి నన్ను వెన్నుదాకా తీసుకెళ్ళారు, ఉన్నది ఇంట్లో వదిలేసి వచ్చారు." అంతవరకే అంది. ఒక చిన్న సీసా ఇచ్చి, పాప ఒంటేలు పట్టుకురమ్మంది.

గంటకు ఫలితం వచ్చింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ మళ్ళీ స్టూలు లాక్కుని కూర్చుంది. ఎందుకలా చెప్పారని అడిగింది. గువ్వ తల్లి పదకొండో నెల సంగతి, నీలం పెదవుల సంగతి చెప్పింది. ఒక్క మాట కలపకుండా చెప్పాలని ఎంత జాగ్రత్తపడిందంటే, మూడు గంటలన్నది రెండు గంటల యాభై నిమిషాలేమో అని కూడా అంది.

"అది మా తప్పు" అంది డాక్టరమ్మ. "ఆ రోజు మిమ్మల్ని వినకపోవడం మా తప్పే. ఒక మాట చెప్పండి. ఇవాళ బల్ల దగ్గర మా వాళ్ళు ఏమని అడిగి ఉంటే మీరు నిజం చెప్పేవాళ్ళు?"

చీవాట్లు పెడితే తలొంచుకునేది. అలవాటే. ఇలా సలహా అడిగేసరికి మరీ చచ్చిపోయినట్టయింది.

"నీకు దేనికి భయంగా ఉందమ్మా అని అడిగితే..." అంది మెల్లగా. "పాత సంగతి చెప్పేదాన్నేమో. ఏమోనండి. ఇప్పుడు నేను ఏం చెప్పినా..."

"రాసుకుంటున్నా" అంది డాక్టరమ్మ. నిజంగానే రాసుకుంది.

ఆడపడుచు గువ్వ కాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడటం మానేసింది. ఆమె నోరు మూతపడటం ఈ కుటుంబంలో ఎవరూ చూసి ఎరుగరు. "తమ్ముడికి నువ్వే చెప్పుకో. నేను చెప్పలేను. నేను కళ్ళు తేలేసిందని కూడా చెప్పాను" అంది చివరికి.

గువ్వ తల్లి ఫోను చేసింది. ఎక్కడో దూరం నుంచి ఆయన ఇంకా వస్తూనే ఉన్నాడు, రొప్పుతున్నాడు. రెండే ముక్కల్లో చెప్పింది. "నలభై మందిని రోడ్డు మీద దింపేశానే" అన్నాడు. నవ్వలేదు. "పిల్లకు బాగానే ఉందిగా? సరే, వస్తున్నా."

ఫోను పెట్టేసి తెర అవతలికి వచ్చింది. పక్క మంచం మీద తాతగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పాప ముఖానికి మందు ఆవిరి వచ్చే మాస్కు ఆనించి పట్టుకున్నారు. ఈల తగ్గింది గానీ, డొక్కలు ఇంకా ఎగిసెగిసి పడుతున్నాయి.

"మీ పాపకెలా ఉందమ్మా? ఫిట్స్ మళ్ళీ రాలేదుగా?"

"ఎప్పుడు పిలిచారండి మిమ్మల్ని?"

"మీరు వెళ్ళిన ముప్పావుగంటకు. ఫరవాలేదు, పెద్ద కేసు వచ్చినప్పుడు ఆగాలి కదా."

తప్పించుకుని వెళ్ళిపోవచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలియదు. కాళ్ళు అటే లాగాయి కూడా. కానీ ఆ చిన్న డొక్కలు కళ్ళ ముందు అలా ఎగిరిపడుతుంటే కదల్లేకపోయింది.

"ఫిట్స్ రాలేదండి. ముందు చూస్తారని అబద్ధం చెప్పా. మీ వంతు నేను తీసుకున్నా."

తాతగారు ఆమె ముఖంలోకి చూశారు. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది, వస్తే బాగుండునని కూడా అనుకుంది. ఆయన మనవరాలి జుట్టు వెనక్కి దువ్వి, "అలా చెప్పొచ్చని నాకు తోచలేదమ్మా" అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయనకు నిజంగానే తోచలేదు.

ఆయన మళ్ళీ, "కాస్త ఇది పట్టుకుంటావా? చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నారు.

ఆమె వంగి మాస్కు పట్టుకుంది. ఆవిరి చల్లగా వేళ్ళకు తగిలింది. మాస్కు పైనుంచి పాప కళ్ళు రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాయి. ఆమె ఆ కళ్ళలోకి చూడలేక, మాస్కు అంచు ముఖానికి సరిగ్గా ఆనిందో లేదో మళ్ళీ మళ్ళీ సర్దుతూ నిలబడిపోయింది.